జీను ఎక్కే ముందు గిట్ట పట్టుకోండి: వరంగల్ వైపు వారికి గుర్రపు స్వారీ తొలి పాఠాలు

హనుమకొండలో ఎవరితోనైనా "గుర్రపు స్వారీ నేర్చుకోవాలని ఉంది" అని చెప్పి చూడండి. రెండు రోజుల్లో మీ చేతికి ఒక ఫోను నంబరు వస్తుంది. అది పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఆయనది. నాకూ అలాగే వచ్చింది. నలభై ఒకటో ఏట, ఇంట్లో వాళ్ళు నవ్వు ఆపుకోలేక తలలు తిప్పుకుంటుండగా, ఒక ఆదివారం పొద్దున ఊరి బయట చెరువు శిఖం భూమిలో తెల్ల గుర్రం ఎక్కాను. పది నిమిషాలకల్లా నేల మీద ఉన్నాను. గుర్రం నన్ను పడేయలేదు, పాపం. జీను ఎంతో మర్యాదగా ఒక పక్కకు జారుతూ జారుతూ గుర్రం పొట్ట కిందికి చేరింది. దాని మీద కూర్చున్నవాణ్ణి నేను మాత్రం ఇంకెక్కడికి పోతాను? మోచేయి చెక్కుకుపోయింది. గుర్రం మెడ తిప్పి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ గడ్డి పరకలు వెతుక్కుంది.

ఆ గుర్రం యజమానిని తప్పుపట్టలేను. పెళ్ళికొడుకు కదలకుండా కూర్చుంటాడు, కళ్ళెం పట్టుకుని మనిషి ముందు నడుస్తాడు, గుర్రం బ్యాండు మేళానికి బెదరకుండా ఉంటే చాలు. ఆయన పని అంతవరకే. దాన్ని పాఠం అనుకున్నది నేను. గుర్రం ఎక్కడం వేరు, స్వారీ నేర్చుకోవడం వేరు. ఆ తర్వాత సరైన చోట మొదటి నుంచి మొదలుపెట్టాను. అక్కడ మొదటి రోజు నన్ను గుర్రం ఎక్కనివ్వనే లేదు. ఎందుకు ఎక్కనివ్వలేదో తెలిసేసరికి ఈ విద్యలో సగం అర్థమైంది. ఆ దారి మీకు వరుసగా చెబుతాను.

ముందు ఎందుకో తేల్చుకోండి

ఫొటో కోసమైతే జాతరలో ఎక్కి దిగండి, సరిపోతుంది. నేర్చుకోవాలనుకుంటే మాత్రం కనీసం పది, పదిహేను తరగతులకు సిద్ధపడండి. అంతకు తక్కువైతే నడక, కాస్త పరుగు కూడా ఒంటికి పట్టవు.

పోటీల మాట ఇప్పుడే వద్దు గానీ, దారులు ఏమిటో తెలిసి ఉండటం మంచిది. అడ్డంకులు దూకించేది షో జంపింగ్. గుర్రం చేత తాళం తప్పకుండా అడుగులు వేయించేది డ్రెస్సాజ్. ఈ రెండింటికీ కొండలూ గుంటల మీదుగా సాగే పరుగును కలిపితే ఈవెంటింగ్. 2018 ఆసియా క్రీడల్లో ఈవెంటింగ్‌లో వెండి పతకం తెచ్చిన ఫువాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు బంగారం గెలిచింది. నేల మీద బల్లెంతో మేకు పెకలించే టెంట్ పెగ్గింగ్ మన సైనికులకూ పోలీసులకూ ఇష్టమైన ఆట. వీటిలో ఏది కావాలన్నా మొదటి ఆరు నెలల పాఠం ఒక్కటే.

ఎక్కడ వెతకాలి

పెళ్ళి గుర్రాల ఆయన నంబరు పారేయకండి. ఆయన్ని అడగాల్సిన ప్రశ్న మార్చండి. "ఎక్కిస్తారా?" అని కాకుండా, "మీ గుర్రానికి నాడాలు ఎవరు కొడతారు, జబ్బు చేస్తే ఏ డాక్టరు చూస్తారు?" అని అడగండి. నాడాలు కొట్టేవారు ప్రతి అయిదారు వారాలకూ ప్రతి గుర్రం దగ్గరికీ వెళ్ళాల్సిందే. చుట్టుపక్కల ఎవరి దగ్గర ఎన్ని గుర్రాలున్నాయో, ఎవరు వాటిని బాగా చూసుకుంటారో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పశువైద్యులదీ అదే సంగతి. వరంగల్ వారికి మామునూరులో, జగిత్యాల వారికి కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ చదివే పిల్లల్లో గుర్రాల పిచ్చి ఉన్నవాడు ఒక్కడైనా దొరకకపోడు. వాణ్ణి పట్టుకోండి.

మీ ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే ఎన్.సి.సి. గురించి అడగండి. అందులో రిమౌంట్ అండ్ వెటర్నరీ అని గుర్రాలకూ పశువైద్యానికీ సంబంధించిన ఒక విభాగం ఉంది. దాని క్యాడెట్లకు స్వారీ నేర్పిస్తారు. ఢిల్లీలో గణతంత్ర దినోత్సవ శిబిరంలో వాళ్ళు స్వారీ పోటీల్లో పాల్గొంటారు కూడా. చదువుకునే వయసులో ఇంత తక్కువ ఖర్చుతో నేర్చుకునే అవకాశం మళ్ళీ రాదు. నాకు ఆ వయసులో ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

మిగిలినది హైదరాబాద్ దారి. పోలో, స్వారీ రెండింటికీ పేరున్న హైదరాబాద్ పోలో అండ్ రైడింగ్ క్లబ్ అజీజ్‌నగర్‌లో ఉంది. మొయినాబాద్ చుట్టుపక్కల ఇంకా కొన్ని శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. ఇబ్బంది దూరంతో కాదు, వేళతో. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రైల్లో రెండు గంటల పైచిలుకు. స్వారీ తరగతులేమో తెల్లవారుజామున ఆరింటికి మొదలై ఎండ ఎక్కకముందే ముగుస్తాయి. ఆ వేళకు అందుకోవాలంటే అర్ధరాత్రి బయలుదేరాలి. నిద్రలేని కళ్ళతో గుర్రం ఎక్కడం నిద్రలేని కళ్ళతో కారు నడపడం లాంటిదే. వారం వారం పోయి రావడం రెండు నెలలకే మొహం మొత్తుతుంది. దానికన్నా దసరాకో సంక్రాంతికో బంధువుల ఇంట్లో పది రోజులు మకాం వేసి, రోజూ ఒక తరగతి చొప్పున వరుసగా నేర్చుకోండి. వారానికో తరగతి అయితే ఒళ్ళు పోయిన వారం నేర్చింది మరిచిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. పది రోజుల వరుసలో నాలుగో రోజుకల్లా కాళ్ళకు వాటంతట అవే తెలిసివస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ వారికీ ఇదే నా సలహా.

కాలం కూడా చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలైన రోజులు. మన వైపు ఏప్రిల్, మే ఎండల్లో గుర్రాన్ని పని చేయించేవాళ్ళ దగ్గరికి వెళ్ళనే వద్దు. వానాకాలంలో నేలను చూడండి. చల్కా నేల అయితే నీళ్ళు ఇంకి తొందరగా ఆరుతుంది. నల్లరేగడి అయితే గిట్ట నిలవదు, జారుతుంది. అదే రేగడి ఎండాకాలంలో నోళ్ళు తెరుచుకుంటుంది, ఆ పగుళ్ళలో గుర్రం కాలు ఇరుక్కుంటే అంతే సంగతులు. మంచి కేంద్రంలో ఇసుక పరిచిన, చుట్టూ కంచె ఉన్న మైదానం ఉంటుంది.

డబ్బు కట్టే ముందు అరగంట కూర్చుని చూడండి

ఏ కేంద్రమైనా మొదటిసారి వెళ్ళినప్పుడు పర్సు తీయకండి. ఒక తరగతి చూస్తామని అడిగి అరుగు మీద కూర్చోండి. చూడనివ్వకపోతే వచ్చేయండి.

మొదట గుర్రాలను చూడండి. జీను తీసినప్పుడు వీపు మీద, మూపు దగ్గర పుండ్లు ఉన్నాయా? ముదురు రంగు గుర్రం వీపు మీద అక్కడక్కడా తెల్ల వెంట్రుకల మచ్చలు కనిపిస్తే, అవి చాలాసార్లు పాత జీను పుండ్లు మానిన గుర్తులు. నోటి మూలలు చీరుకుని ఉన్నాయా? కళ్ళెంలో నోట్లో పెట్టే ఇనుప ముక్కకు ముళ్ళున్నాయా? ముళ్ళ కళ్ళెం వాడకూడదని 1965 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అయినా ఊరేగింపుల్లో ఇంకా కనిపిస్తుంది. నీళ్ళ తొట్టి నిండుగా ఉందా? రోజుకు పాతిక, ముప్పై లీటర్లు తాగే జంతువది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని సామెత ఉండనే ఉంది. దాణాకు లోటు చేసే చోట పాఠానికీ లోటే.

అన్నిటికన్నా పెద్ద గుర్తు చెవులు. సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, దగ్గరికి వచ్చినప్పుడు గుర్రం చెవులు ముందుకు తిప్పి చూస్తే వాళ్ళిద్దరికీ పడుతున్నట్టు. చెవులు వెనక్కి మెడకు అతికించేసి పళ్ళు చూపిస్తే, అక్కడ రోజూ ఏదో జరుగుతోందని అర్థం.

తర్వాత నేర్పేవాళ్ళను చూడండి. సైన్యంలో, పోలీసు గుర్రపు దళాల్లో పనిచేసి వచ్చినవారు ఈ రంగంలో చాలామంది కనిపిస్తారు. గొంతు గట్టిగా ఉంటుంది, భయపడకండి. "ఏడీ నీచే! నజర్ సామ్నే!" అంటే మడమ కిందికి, చూపు ముందుకు అని. ఈ రెండు మాటలే మీరు వంద రోజులు వింటారు. గొంతు పెద్దదైనా పరవాలేదు, గుర్రం మీద చేయి చేసుకునేవాడైతే మాత్రం వద్దు.

అప్పుడు అడగండి: తరగతి ఎన్ని నిమిషాలు? ఒక శిక్షకుడికి ఎంతమంది? కొత్తవారికి ఏ గుర్రం ఇస్తారు? హెల్మెట్ ఇస్తారా? వాన పడి తరగతి రద్దయితే డబ్బు సంగతేమిటి? గ్లాండర్స్ పరీక్ష చేయించారా? ఈ చివరి ప్రశ్నకు కొందరు మొహం చిట్లిస్తారు. గ్లాండర్స్ గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకే జబ్బు. రక్త పరీక్షతో తెలుస్తుంది. కనిపిస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో అది ఉంది. ముక్కు నుంచి చిక్కటి స్రావం కారుతూ, ఒంటి మీద గడ్డలున్న గుర్రం కనిపిస్తే దూరంగా ఉండండి.

జాతి గురించి, రంగు గురించి మోజు పడకండి. మన పెద్దలు నాలుగు కాళ్ళూ, మొహమూ తెల్లగా ఉంటే పంచకల్యాణి అని మురిసిపోయారు, సుడులు లెక్కపెట్టి శకునాలు చూశారు. చెవుల కొసలు లోపలికి వంగి కలుసుకునే మార్వాడీ గుర్రం చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. రేసుల నుంచి విశ్రాంతి పొంది వచ్చిన థరోబ్రెడ్ మీద కూర్చున్నానని చెప్పుకోవడమూ గొప్పే. కానీ కొత్తవారికి కావాల్సింది పదిహేనేళ్ళు దాటిన, లోకం చూసిన, ప్లాస్టిక్ సంచి ఎగిరినా పట్టించుకోని ముసలి గుర్రం. అందం దానికి అక్కర్లేదు.

మీ బరువు నిజంగా ఎంతో చెప్పండి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదని సాధారణ లెక్క. నాలుగు వందల కిలోల గుర్రం మీద ఎనభై కిలోలు. అందులో జీనుకే ఏడెనిమిది పోతాయి. నేను మూడు కిలోలు తగ్గించి చెప్పాను. శిక్షకుడు నా పొట్ట వైపు చూసి, ఏమీ అనకుండా పెద్ద గుర్రాన్ని తెప్పించాడు.

ఒళ్ళు, బట్టలు

డబ్బు పెట్టాల్సిన వస్తువు ఒక్కటే, హెల్మెట్. మోటారు సైకిల్‌ది పనికిరాదు. బరువెక్కువ, వినబడదు, మెడకు భారం. క్రికెట్‌ది ఈ రకం దెబ్బ కోసం చేసింది కాదు. స్వారీ హెల్మెట్ లోపలి చీటీ మీద ఎ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1163 అనో, ఇ.ఎన్. 1384 అనో భద్రతా ప్రమాణం ముద్ర ఉంటుంది. ఒకసారి గట్టిగా నేలకు తగిలితే దాన్ని మార్చేయాలి, పైకి పగులు కనిపించకపోయినా సరే.

మిగతావన్నీ ఇంట్లో ఉన్నవే. బూట్లకు చిన్న మడమ ఉండాలి, అది లేకపోతే పాదం రికాబులోంచి, అంటే జీనుకు వేలాడే కాలు పెట్టుకునే కడియంలోంచి, అవతలికి దూరిపోతుంది. పరుగు బూట్లు వద్దు, ఆఫీసుకు వేసుకునే నున్నటి తోలు బూట్లు నయం. జీన్సు ప్యాంటు లోపలి కుట్లు తొడలను కోసేస్తాయి, ఒంటికి అతికే సాగే ప్యాంటు వేసుకోండి. చున్నీ, ఊగే గొలుసులు, చేతి గాజులు ఇంట్లో పెట్టి రండి. టి.టి. ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే వేయించుకోండి. ధనుర్వాతం క్రిములకు గుర్రపు శాల సొంత ఇల్లు లాంటిది. నడుము నొప్పి, ఎముకల బలహీనత ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

మొదటి తరగతికి రెండు వారాల ముందు నుంచి గుంజీలు తీయండి. బడిలో తీయించినప్పుడు దీని విలువ తెలియలేదు. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి మడమలు కిందికి దించండి. సీతాకోకచిలుకలా మోకాళ్ళు విప్పి కూర్చునే బద్ధకోణాసనం వేయండి. కింద బాసింపట్టు వేసుకుని భోజనం చేసే అలవాటు ఉన్నవాళ్ళకు తుంటి కీళ్ళు సులువుగా విచ్చుకుంటాయి. డైనింగ్ టేబుల్ వాళ్ళు మొదటి వారం కుంటుతారు.

మొదటి రోజు: నేల మీదే

గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనబడని చోట్లు రెండే: సరిగ్గా ముక్కు ఎదుట కొంచెం, సరిగ్గా తోక వెనక. అందుకే ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళాలి. ఏం మాట్లాడాలి అని అడగకండి, కూరగాయల ధరలు చెప్పినా వింటుంది. చేయి మూతి మీద కాక మెడ మీద వేయండి. వెనక నుంచి దాటాలంటే ఒళ్ళు ఆనుకుని, చేయి పిరుదు మీద ఉంచి దాటాలి, లేదా కాలు అందనంత దూరం జరగాలి. ఈ రెండింటి మధ్య దూరమే తన్ను తగిలే దూరం.

తర్వాత ఖరారా. సైసులు ఒళ్ళు గోకే దువ్వెనను అలా అంటారు. మెడ నుంచి మొదలుపెట్టి వెనక్కి గుండ్రంగా తిప్పుతూ దుమ్ము లేపాలి, తర్వాత బ్రష్షుతో వెంట్రుక వాలు వెంట దులపాలి. ఇది గుర్రానికి సేవ చేయడం కోసం మాత్రమే కాదు. జీను వేసే చోట ఒక్క గరిక ముక్క, ఒక్క ఎండిన మట్టి పెళ్ళ మిగిలినా దాని మీద మీ బరువంతా రుద్దుకుంటుంది. పైగా ఆ పది నిమిషాల్లో గుర్రం మిమ్మల్ని చదువుకుంటుంది.

ఇప్పుడు గిట్ట. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. గుర్రం తోక వైపు తిరిగి నిలబడి, అరచేతిని భుజం నుంచి కాలి వెంట కిందికి జార్చుకుంటూ పోవాలి. చీలమండ దగ్గర మెల్లగా నొక్కి "ఉఠా" అంటే కాలు ఎత్తుతుంది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, తన బరువు సగం నా మీద వాల్చి హాయిగా నిలబడింది. సైసు నవ్వాడు. "మీరు భయపడి ఆనుకున్నారు, అది కూడా ఆనుకుంది" అన్నాడు. కొంచెం దూరం జరగ్గానే దాని బరువు అది మోసుకుంది. గిట్ట అడుగున రబ్బరులా మెత్తటి త్రికోణం ఒకటి ఉంటుంది. దాని రెండు పక్కల గాళ్ళలో ఇరుక్కున్న మట్టినీ రాళ్ళనూ వంకర ఇనుప కొక్కెంతో మడమ నుంచి మునివైపుకు గీకి తీయాలి. చిక్కుడు గింజంత కంకర ఒకటి బయటపడింది. అది అలాగే ఉంటే ఆ రోజంతా అది కుంటేది, నేను గుర్రం మొండిదనుకునేవాణ్ణి.

చివరికి నన్ను కింద పడేసిన ఆ తంగ్. జీనును కదలకుండా పొట్ట కింద బిగించే పట్టీ ఇది. బిగించేటప్పుడు గుర్రం ఊపిరి బిగబట్టి రొమ్ము ఉబ్బిస్తుంది, కొలతలు ఇచ్చేటప్పుడు మనం పొట్ట లోపలికి లాక్కున్నట్టు తలకిందులుగా. నాలుగు అడుగులు వేయగానే ఊపిరి వదులుతుంది, పట్టీ వదులవుతుంది. అందుకే ఒకేసారి బిగించకూడదు. జీను వేయగానే కొంచెం, కాస్త నడిపించాక ఇంకొంచెం, ఎక్కబోయే ముందు మూడోసారి. ఎక్కిన అయిదు నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు మాత్రమే దూరాలి. సైసు బిగించాడు కదా అని ఊరుకోకండి, మీ వేళ్ళతో మీరే చూడండి.

ఇదంతా చేయించకుండా నేరుగా ఎక్కించే చోట మీరు సవారీ కొనుక్కుంటున్నారు, పాఠం కాదు.

ఎక్కడం, నడక

ఎక్కేది ఎడమ వైపు నుంచే. కత్తి ఎడమ నడుముకు వేలాడే రోజుల నుంచి వచ్చిన అలవాటు ఇది. మన చౌరస్తాల్లో కత్తి పట్టి గుర్రం మీద ఉన్న రుద్రమదేవి విగ్రహాన్ని చూసినప్పుడు ఒరను ఊహించుకోండి, కుడి వైపు నుంచి ఎక్కితే ఏమవుతుందో తెలుస్తుంది. నేల మీద నుంచి కన్నా ఎత్తు పీట మీద నుంచి ఎక్కడం మీకూ, గుర్రం వీపుకూ మంచిది. రికాబు పొడవుకు ఒక నాటు కొలత ఉంది: వేళ్ళ కొసలు జీను మీద రికాబు తగిలించే చోట ఆనించి చేయి చాపితే, రికాబు అడుగు చంకకు తగలాలి.

కూర్చున్నాక పక్క నుంచి చూసేవారికి మీ చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిట్టనిలువు గీతలో కనిపించాలి. కుర్చీలో కూర్చున్నట్టు కాళ్ళు ముందుకు చాపితే తప్పు. పాదం వెడల్పైన భాగం రికాబు మీద, మడమ దానికన్నా కిందికి. పగ్గం చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య నుంచి లోపలికి వచ్చి, బొటనవేలి కింద నుంచి బయటికి పోతుంది. పట్టు మెత్తగా ఉండాలి, చేతిలో పిచ్చుక పిల్ల ఉన్నంత మెత్తగా. పగ్గం బ్యాలెన్సు కోసం పట్టుకునే కమ్మీ కాదు, అవతలి కొస ఒక నోట్లో ఉంది. పడిపోతున్నట్టు అనిపిస్తే జూలు పట్టుకోండి, లేదా జీను ముందు భాగాన్ని.

మొదటి నాలుగైదు తరగతులు శిక్షకుడు గుర్రానికి పొడవాటి తాడు కట్టి, తాను మధ్యలో నిలబడి మిమ్మల్ని గుండ్రంగా తిప్పుతాడు. దీనికి ఇంగ్లీషులో ఉన్న పేరు మన లిపిలో రాస్తే బాగుండదు, తాడు పాఠం అనుకుందాం. పగ్గాలు మీ చేతికి ఇవ్వకుండా, చేతులు బార్లా చాపి కూర్చోమంటాడు, కళ్ళు మూసుకోమంటాడు. చిన్నతనంగా అనిపిస్తుంది, కానీ కూర్చోవడం వచ్చేది అక్కడే. ఈ పాఠం ఎగ్గొట్టే కేంద్రాల్లో నేర్చుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి పగ్గానికి వేలాడుతుంటారు.

పల్లెవెలుగు బస్సు వెనక సీటు

గుర్రపు నడకలకు సంస్కృతంలో పంచధారలని పేరు. మనకు నాలుగు తెలిస్తే చాలు. నడకలో నాలుగు గిట్టలూ విడివిడిగా పడతాయి: త, క, ధి, మి. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్ళు జంటగా లేస్తాయి, రెండే దెబ్బలు. సైసులు దుల్కీ అంటారు. కాంటర్ మూడు దెబ్బల తిశ్రం: త, కి, ట. ఆ తర్వాతిది దౌడు, దాని జోలికి ఈ ఏడాది వెళ్ళకండి.

కొత్తవారి పొగరు అణిగేది దుల్కీలో. నర్సంపేట రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు వెనక సీట్లో కూర్చున్నట్టు ఉంటుంది. ఒక దెబ్బకు ఎగురుతారు, రెండో దెబ్బకు దిగేలోపు జీను మళ్ళీ పైకి వచ్చి తగులుతుంది. దీనికి మందు ఆ ఎగిరే దెబ్బను అడ్డుకోకుండా వాడుకోవడం. ఒక దెబ్బకు లేవాలి, మరో దెబ్బకు కూర్చోవాలి. లేవడమంటే నిలబడటం కాదు, తుంటి రెండంగుళాలు ముందుకు ఊగడం, అంతే. నాకు ఆరో తరగతి దాకా రాలేదు. నోటితో "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినంతసేపు కుదరలేదు. ఏడో రోజు శిక్షకుడు లెక్క ఆపమని, గిట్టల చప్పుడు వినమన్నాడు. విన్నాను. ఇసుకలో ధప్ ధప్, ధప్ ధప్. ఎనిమిది అడుగుల పాటు జీను నన్ను కొట్టలేదు. తొమ్మిదో అడుగుకు సంతోషం పట్టలేక తాళం తప్పాను.

అది కుదిరాక సూక్ష్మం చెబుతారు: గుండ్రంగా తిరుగుతున్నప్పుడు బయటి వైపు ముందుకాలు ముందుకు పోయినప్పుడు లేవాలి, వెనక్కి వచ్చినప్పుడు కూర్చోవాలి. ముందే తెలుసుకుని బుర్ర పాడుచేసుకోకండి.

పడినప్పుడు

పడతారు. తప్పదనిపిస్తే రెండు పాదాలనూ రికాబుల్లోంచి లాగేయండి, పగ్గం వదిలేయండి, చేతులు చాపి నేలను ఆపాలని చూడకండి, మణికట్లు విరిగేది అలాగే. ముడుచుకుని దొర్లండి. గుర్రం పారిపోతే పారిపోనివ్వండి, అది తన దాణా తొట్టి దగ్గరికే పోతుంది. "పడ్డ వెంటనే మళ్ళీ ఎక్కాలి, లేకపోతే భయం పట్టుకుంటుంది" అని చాలామంది అంటారు. చర్మం చెక్కుకుపోతే ఎక్కండి. తలకు తగిలితే మాత్రం ఆ రోజు ఎక్కవద్దు. వాంతి, మగత, చూపు మసకబారడం, అడిగిందే మళ్ళీ అడగడం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఎం.జి.ఎం. లాంటి పెద్దాసుపత్రి దగ్గర్లో ఎక్కడుందో, అక్కడికి తీసుకెళ్ళే బండి ఎవరిదో మొదటి రోజే తెలుసుకోండి.

పిల్లల విషయంలో ఒక్క మాట. ఆరేడేళ్ళు నిండకుండా తొందరపడకండి. రికాబు దాకా కాలు అందాలి, చెప్పిన మాట వినాలి. రెండోది లేకపోతే మొదటిది ఉన్నా వద్దు.

తరగతి అయిపోయాక

దిగగానే బ్యాగు భుజాన వేసుకుని పోకండి. దిగేటప్పుడు రెండు కాళ్ళూ రికాబుల్లోంచి తీసి ఒకేసారి జారి దిగాలి. రికాబులను పైకి జరిపి, తంగ్ రెండు రంధ్రాలు వదులు చేయండి. దాని ఊపిరి నెమ్మదించేదాకా పది నిమిషాలు పక్కనే నడిపించండి. రొమ్ము మీద చేయి పెట్టి చూడండి, ఇంకా కాగుతున్నట్టుంటే మరో రెండు చుట్లు. జీను తీశాక చెమట కింద వీపు మీద ఎక్కడైనా వాపు, ఒరుపు ఉందేమో అరచేతితో తడమండి, ఉంటే సైసుకు చూపించండి. బెల్లం ముక్క, క్యారెట్ ఇవ్వాలనిపిస్తే ముందు అడగండి. గుర్రానికి వాంతి చేసుకునే వీలు శరీరంలోనే లేదు, కడుపులోకి పోయింది పడకపోతే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. ఇవ్వమంటే చేతి వేళ్ళతో పట్టుకుని కాక, చాపిన అరచేతిలో పెట్టండి. పెదవులు తడిమి తీసుకుంటుంది, గడ్డం గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత చేతులు కడుక్కుని, రేపు ఎన్ని గంటలకో అడిగి రాసుకోండి.